డబ్బాలో మిగిలిన అరిసె

తిరుపతిలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం నాది. ఆరో నెల వచ్చీ రాగానే పాపను పూతలపట్టులో మా అమ్మ దగ్గర వదిలేశాను. పదిహేను రోజులకోసారి, ఆదివారం బస్సెక్కి వెళ్లేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ పాప మారిపోయి ఉండేది. ఒకసారి పళ్లు వచ్చేసి ఉన్నాయి. ఇంకోసారి నేను కుట్టిన గౌను బిగుతైపోయింది.

పదకొండో నెలలో వెళ్లినప్పుడు, నడుస్తోందా అని అడిగాను.

"ఇంగా లేదు మే. గోడ పట్టుకోని నిలబడతాది, అంతే," అంది అమ్మ, నా మొహం చూడకుండా.

పాపకు బెల్లం ముక్క పెడదామని వంటింట్లో డబ్బా తీశాను. అడుగున ఒకే ఒక్క అరిసె ఉంది. పండగా లేదు, పబ్బమూ లేదు. మా ఇళ్లలో బిడ్డ తొలి అడుగులేస్తే అరిసెలు పరిచి, వాటి మీద నడిపించి, ఇరుగుపొరుగుకు పంచుతారు. ఆ అరిసె మీద చిన్న మడమ అచ్చు గట్టిపడిపోయి ఉంది.

ఒళ్లు మండిపోయింది. అమ్మను నిలదీయాలనుకున్నాను. కానీ ఆదివారం దాకా నడవొద్దని పసిబిడ్డకు ఎవరు చెబుతారు?

"మే, బిన్నా రా! సూడు, మొదటి అడుగులు!" అని వసారాలోంచి అమ్మ కేకేసింది.

డబ్బా మూసి వెళ్లాను. పాప తడబడకుండా నా వైపు నడిచి వస్తోంది. "అబ్బ, నేనొచ్చినాకే నడిచింది!" అని చప్పట్లు కొట్టాను. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పాప నా మొహం చూసి ఆగింది. వెనక్కి తిరిగి, వచ్చినదానికంటే వేగంగా అమ్మ దగ్గరికే నడిచి వెళ్లిపోయింది.