ఎంగిలి సోకని ముడి

ఉమ్మకూడని చోట ఉమ్మి తిట్లు తిన్నవాళ్లు లోకంలో కోకొల్లలు. ఉమ్మవలసిన చోట ఉమ్మక పదిహేను మంది చుట్టాల నోటి దగ్గరి ముద్ద పోగొట్టినవాడు మాత్రం సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా గాలించినా నేనొక్కణ్ణే దొరుకుతాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో ఇప్పుడు చెప్పబోతున్నాను. అన్నం తింటూ చదువుతున్నవాళ్లు ముద్ద మింగేసి రండి, ఆగుతాను.

అయిందా? సరే.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. సూర్యాపేటలో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. చెప్పడం ఒక్కటే అయితే బాగుండేది, మూఢనమ్మకాల మీద యుద్ధం కూడా ప్రకటించి ఉన్నాను. పొద్దున ప్రార్థన దగ్గర నేను ఆ విషయం ఎత్తుకుంటే ముందు వరుస పిల్లలు నిలబడే నిద్రపోయేవారు. దారిలో పిల్లి అడ్డమొస్తే నేను ఆగేవాణ్ణి కాదు, వెనక్కి తిరిగి మళ్లీ దాని ముందు నుంచి నడిచేవాణ్ణి. మా వీధి పిల్లులు కొన్నాళ్లకు నన్ను చూసి ఆగడం మొదలుపెట్టాయి.

ఇక మృగశిర కార్తె సంగతి, మా వాళ్ల నోట మిరుగు. జూన్ మొదట్లో వస్తుంది. ఆ రోజు మా వైపు చేప తినని నోరు నోరే కాదు. తింటే ఏడాదంతా దగ్గూ దమ్మూ దరి చేరవని నమ్మకం. నాకు అభ్యంతరం లేని మూఢనమ్మకం అదొక్కటే, ఎందుకంటే మా అత్తగారి చేపల పులుసు శాస్త్రానికి అందదు. ఏటా ఆ రోజు మిర్యాలగూడలో అత్తగారింట్లో అందరం కలుస్తాం. చేప తెచ్చేది పెద్దల్లుడు, అంటే నా షడ్డకుడు, దామరచర్లలో లారీలు తిప్పే మనిషి. చేప ఎవరు తెస్తే తలకాయ ముక్క వాళ్ల కంచంలో పడుతుంది. పెళ్లయిన పదేళ్లలో నా కంచంలో పడింది తోకే.

ఒక ఏడు భోజనాల దగ్గర మా మామగారు నా వైపు చూడకుండా అన్నాడు. "పెద్దల్లుడు తెచ్చిండంటే చేప చేప లెక్క ఉంటది."

నాలో ఏదో పొంగింది. "కొనుక్కొచ్చుడు ఎవరికైన అయితది మామా. వచ్చే మిరుగుకు నేను పట్టుకొస్త."

"ఏం పట్టుకొస్తవ్ అల్లుడా? సుద్దముక్కనా?"

"చేప. కృష్ణల నుంచి. నా చేతులతోని."

పదిహేను చేతులు కంచాల్లో ఆగిపోయాయి. మామగారు షడ్డకుడి వైపు తిరిగి, "విన్నవా? వచ్చే ఏడు నువ్వు కొనకు" అన్నాడు. మా ఆవిడ శోభ మాత్రం నా చెవిలో, "నీకు ఈతన్న వస్తదా?" అని అడిగింది.

పదకొండు నెలలు హాయిగా మరిచిపోయాను. మే నెలలో గుండె గుర్తు చేసింది. ఆన్‌లైన్‌లో రీలు గాలం తెప్పించాను. లాగిన కొద్దీ పొడుగయ్యేది, మడిస్తే సంచిలో పట్టేది. దానితో పాటు వచ్చిన పుస్తకం చైనా భాషలో ఉంది. చేపకు కొక్కెం, కొక్కేనికి దారం ఉండాలని తెలుసు. ఆ రెండింటినీ కలిపే ముడి దగ్గరే నా చదువు ఆగిపోయింది. నేను కట్టిన ముడులన్నీ నీళ్లు తగలగానే సెలవు తీసుకునేవి. కొక్కేలు అయిపోయాయి గానీ చేప ఒక్కటీ రాలేదు.

అందుకని కోదాడ వెళ్లాను. అక్కడ చెరువు వైపు వెళ్లే దారిలో వలలూ గాలాలూ అమ్మే చిన్న కొట్టు సైదులుది. అరవై దాటిన మనిషి. పుట్టినప్పటి నుంచీ చేపలతోనే మాట్లాడుతున్నట్టు తక్కువ మాట్లాడతాడు.

"మీ ముడి ఒకటి కట్టి చూపియ్యండి సారూ," అన్నాడు. కట్టాను. చిటికెన వేలితో లాగాడు. ముడి మర్యాదగా విడిపోయి, దారం తిన్నగా పడుకుంది.

"బర్రెను కట్టేయటానికి పనికొస్తదండీ," అన్నాడు. కాస్త ఆలోచించి, "బర్రె మంచిదైతే" అని కలిపాడు.

అప్పుడు నేర్పాడు. కొక్కెం చెవిలోంచి నైలాన్ దారం దూర్చి, కొసను అసలు దారం చుట్టూ అయిదు చుట్లు తిప్పి, వెనక్కి తెచ్చి చెవి పక్కనున్న సందులో దూర్చి, దూర్చినందువల్ల ఏర్పడిన పెద్ద సందులో మళ్లీ దూర్చాలి. చదువుతుంటేనే మీకు తల తిరుగుతోంది కదా, నాకు వేళ్లే తిరిగిపోయాయి. చివరికి అంతా కుదిరాక నేను లాగబోతే సైదులు ఆపాడు. ముడిని తన నోటి దగ్గరికి తెచ్చుకుని "థూ" అని దాని మీద ఉమ్మి, నెమ్మదిగా బిగించాడు.

నాకు చిన్నప్పుడు కొత్త చొక్కా వేసిన ప్రతిసారీ మా నాయనమ్మ నా మొహం ముందు థూ థూ అని మూడుసార్లు అనేది. దిష్టి తీయడం. నాలోని యోధుడు లేచి కూర్చున్నాడు.

"సైదులన్నా, ముడికి కూడ దిష్టి తగుల్తదా?"

"దిష్టో గిష్టో నాకు తెలవదు సారూ. ఉమ్ము పెడితేనే ఉంటది."

"పెట్టకపోతే?"

"ఉండదు."

"ఎందుకు ఉండదు?"

"ఉండదండీ. అంతే."

"మీ నాయన చెప్పిండా?"

"మా నాయన చెప్పలా. ఆయన పెడుతుంటే చూశా."

ఇంకేం కావాలి! తండ్రి చేశాడు, కొడుకు చేస్తున్నాడు, కారణం ఇద్దరికీ తెలియదు. మూఢనమ్మకానికి నేను తరగతిలో చెప్పే నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా నా ఎదుట కూర్చుని దారం బిగిస్తోంది. అరగంట ఉపన్యసించాను. భూమి గుండ్రంగా ఉండడం దగ్గర మొదలుపెట్టి క్రిముల దాకా వచ్చాను. ఆలోగా సైదులు ఇద్దరికి గాలాలు అమ్ముకుని, ఒకరి వల బాగుచేసి, టీ తాగి వచ్చాడు. అంతా అయ్యాక, "బాగా చెప్పారు సారూ. ఇగ ఉమ్ము పెట్టండి" అన్నాడు.

పెట్టలేదు. వానపాములు ముట్టుకున్న చేతిలోని దారాన్ని నోట్లో పెట్టుకోవడం ఇష్టం లేకపోవడం కూడా ఒక కారణమే గానీ, దాన్ని కూడా సిద్ధాంతం కిందనే జమకట్టాను.

తరువాతి పదిహేను రోజులు మా ఇంట్లో ముడి పడని వస్తువు లేదు.

"ఏమయ్యో, ఫ్రిజ్జు తలుపుకు ఈ దారమేంది?"

"అభ్యాసం."

"మరి కూరగాయలు ఎట్ల తియ్యాలె?"

"కత్తెర తీస్కొని కోసెయ్."

"కత్తెరను కిటికీకి కట్టినవ్ గద!"

కట్టినవన్నీ పొడిగానే కట్టాను. శాస్త్రవేత్తను కాబట్టి పరీక్ష కూడా పెట్టాను. బాత్రూం కిటికీ ఊచకు నా ముడితో కొక్కెం వేలాడదీసి, దానికి బకెట్ నిండా నీళ్లు తగిలించాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బకెట్ కదలలేదు. నేను కూడా కదలకుండా దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఇంట్లోవాళ్ల స్నానాలు ఆగిపోయాయి. బకెట్ ఫోటో తీసి, కింద "ఉమ్ము లేదు" అని రాసి, సైదులుకు వాట్సాప్‌లో పంపాను. తిరిగి అతని వాయిస్ మెసేజ్ వచ్చింది. "బకెట్టు ఈదదు గదండీ సారూ."

ఓడిపోయినవాడి మాట అనుకుని కొట్టేశాను.

మృగశిర రోజు రానే వచ్చింది. ఇంట్లోవాళ్లంతా ముందురోజే మిర్యాలగూడ చేరారు. నేను కోదాడలో సైదులును బండెక్కించుకుని, మఠంపల్లి దాటి, ఎండ పడేసరికి కృష్ణ ఒడ్డున ఉన్నాను. అతనిది వెదురు కర్ర. నాది ఆన్‌లైన్ ఆయుధం. ఎవరి ముడి వాళ్లం కట్టుకున్నాం.

"సారూ, ఇప్పటికన్నా జర ఉమ్ము పెట్టండి."

"పెట్టను."

"సిగ్గైతే చెప్పండి, అటు తిరుగుతా."

"సిగ్గు కాదన్నా, సిద్ధాంతం."

"పోనీ, నన్ను పెట్టమంటారా?"

"ముట్టకు!" అని గాలాన్ని చంటిపిల్లలా గుండెకు హత్తుకున్నాను.

మూడు గంటలు ఏమీ లేదు. తరువాత ఒక్కసారిగా నా కర్ర వంగింది. వంగడం అంటే మామూలు వంగడం కాదు, కొత్తల్లుడు అత్తగారి కాళ్లకు వంగినట్టు వంగింది. రీలు కీచుమంది. నీళ్లు పగిలి ఒక వెండి వీపు పైకి తేలింది. బొచ్చె! ఎనిమిది కిలోలు ఉంటుంది. సరే, ఆరు. సైదులు నాలుగంటాడు, చేపలు కొనేటప్పుడు బరువు తగ్గించి చెప్పే అలవాటు అతనికి పోలేదు.

"నిదానం సారూ, నిదానం! ఒడ్డుకు రానియ్యండి, నేను కింద జాలి వల పెడతా."

"జాలి ఆగని! ముందు ఫోను పట్టు!"

"ఇప్పుడు ఫోనేందండీ?"

"వీడియో కాల్!"

చేపను ఎత్తాల్సిన చేతుల్లో ఫోను పెట్టాను. అటువైపు అత్తగారి మొహం, దాని వెనక మామగారి మొహం, దాని వెనక ఇంకో పదిమంది సగం సగం మొహాలు.

"అబ్బో, బొచ్చె!" అంది అత్తగారు.

"అత్తమ్మా, చింతపండు నానెయ్యి!"

మామగారు గొంతు సవరించుకున్నాడు. "అల్లుడా, ఎందుకైన మంచిదని పెద్దల్లుడు మార్కెట్ల నిలబడ్డడు. మంచి చేపలు అయిపోతున్నయంట. ఒకటి తీస్కొమ్మనాల్నా, ఊకె రమ్మనాల్నా?"

ఇక్కడ కాసేపు ఆగి, ఆ ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని మీరు కూడా జాలిగా చూడండి. "తీస్కో" అంటే కథ లేదు. అతను ఛాతీ విరిచి, "ఊకె రమ్మను మామా! కొన్న చేప ఇయ్యాల మన గడప తొక్కొద్దు!" అన్నాడు.

కాల్ కట్ అయింది. చేప ఒడ్డుకు మూరెడు దూరం దాకా వచ్చింది, నన్ను చూసింది, ఒక్కసారి తోక విదిలించింది.

ఠప్.

ఎంత చిన్న శబ్దమో! చొక్కా గుండీ ఊడినా అంతకన్నా పెద్దగా వినిపిస్తుంది. నేను వెల్లకిలా పడ్డాను. చేప కొక్కేన్ని ముక్కుపుడకలా పెట్టుకుని కృష్ణలోకి వెళ్లిపోయింది.

సైదులు ఫోను జేబులో పెట్టుకుని, మిగిలిన దారం కొస పట్టుకుని చూశాడు. అది పందితోకలా చుట్టుకుపోయి ఉంది. "మాడింది సారూ," అన్నాడు.

"నీళ్లల్ల ఎట్ల మాడుతదన్నా?"

"నీళ్లల్ల కాదండీ. మీ చేతుల్లోనే మాడింది. ఇంకో ముడి కట్టండి. మీ ఇష్టం వచ్చినట్టు పొడిగానే గుంజి, గుంజిన వెంటనే పెదవికి ఆనించండి."

కట్టాను. గుంజాను. ఆనించాను. చురుక్కుమంది. ఎగిరి అడుగు వెనక్కి వేశాను.

ఎనిమిదో తరగతి. రాపిడి వల్ల వేడి పుడుతుంది, తడి రాపిడిని తగ్గిస్తుంది. పన్నెండేళ్లుగా ఆ పాఠం చెప్పి, చివర్లో "నిత్యజీవితం నుంచి రెండు ఉదాహరణలు రాయండి" అని పిల్లల ప్రాణం తీసినవాణ్ణి. నిత్యజీవితం అరగంట సేపు నా ఎదుట కూర్చుంటే దానికి ఉపన్యాసం ఇచ్చి పంపాను.

"కాలుతదని ముందే చెప్పొచ్చు గదన్నా!"

"మీరు దిష్టి గురించి అడిగారు గదండీ," అన్నాడు సైదులు.

అతని బుట్టలో చిటికెన వేలంత పరక చేపలు మూడున్నాయి. తీసుకుపొమ్మన్నాడు. ఆరు కిలోల చేపను ఫోనులో చూపించినవాడు మూడు పరకలతో గడప ఎలా తొక్కుతాడు? వద్దన్నాను. హుజూర్‌నగర్‌లో అతన్ని కోదాడ బస్సెక్కించి, చేపల మార్కెట్టు మీద పడ్డాను. ఐసు నీళ్లూ, పొలుసులూ, కడుపు నిండి కునుకు తీస్తున్న పిల్లులూ ఉన్నాయి. మిర్యాలగూడలోనూ అంతే, పిల్లులు కాస్త లావుగా ఉన్నాయి.

ఇంట్లో అడుగు పెట్టేసరికి పులుసు కుతకుత ఉడుకుతోంది. చేప ఒక్కటే తక్కువ. షడ్డకుడు ఎదురొచ్చాడు.

"తమ్మీ, సంచి ఏది?"

"సంచి లేదు."

"బండి మీదనే ఉందా చేప?"

"కృష్ణలనే ఉంది."

పొయ్యి మీద పులుసు ఒక్కటే మాట్లాడుతోంది. నన్ను ఒక్కరైనా తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. అత్తగారు మాత్రం మనవళ్ల వైపు చూసి, "మిరుగు నాడు పిల్లల నోట్లె ఏం పడకుంటే ఎట్ల? ఏడాదంత దగ్గుతరు" అంది, కళ్లలో నీళ్లతో. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది.

చేప తిననివాళ్లకు మృగశిర నాడు ఇంకో ఆచారం ఉంది. ఇంగువను బెల్లంలో కలిపి, శనగ గింజంత ఉండ చేసి మింగుతారు. పక్కింట్లో శాకాహారి పంతులమ్మ ఉంది. సంగతి తెలిసి ఆవిడే గిన్నె పట్టుకుని వచ్చింది, ముప్పై ఏళ్లుగా ఈ రోజు కోసమే ఎదురుచూస్తున్నట్టు. "రాండ్రి, రాండ్రి, సరిపోను ఉన్నయ్" అంది. తరతరాలుగా చేప తప్ప ఎరగని ఆ ఇంటిల్లిపాదీ చేతులు చాపి వరసలో నిలబడ్డారు. అందరికన్నా ముందు మామగారు. ఉండ నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూశాడు. మీసాలు ఒకసారి పైకి లేచి కిందికి దిగాయి. మింగి, నీళ్లు తాగి, మెల్లగా నా వైపు తిరిగాడు.

"మంచిగ పట్టుకొచ్చినవ్ అల్లుడా," అన్నాడు. "ముల్లు ఒక్కటి లేదు."

కాబట్టి, చదువరులారా, నేటికీ ఇంగువ వాసన పూర్తిగా వదలని ఈ కుడిచేతిని గుండె మీద పెట్టుకుని, పంచభూతాలూ మా పక్కింటి పంతులమ్మా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నీళ్లలో ఉన్న చేపను నమ్ముకుని, ఒడ్డు మీదున్న చుట్టాలను ఈ జన్మలో మళ్లీ భోజనానికి పిలవను.