పిల్లికూనకు ఎంతియ్యాలె?

ఆ రోజుల్లో, అంటే కొత్త రాష్ట్రం వచ్చి ఆఫీసు బోర్డుల మీద రంగు ఇంకా ఆరని రోజుల్లో, నాకు తెలివితేటల మీద ఒక సొంత సిద్ధాంతం ఉండేది. ఏ వస్తువుకు ఎంత ఇవ్వాలో తెలిసినవాళ్లు తెలివైనవాళ్లు, తెలియనివాళ్లు నాలాంటివాళ్లు. ఈ సిద్ధాంతం మా బాపు పుణ్యమే. కొత్తకోటలో బెంగళూరు రోడ్డు పక్కన ఆయనకు టైర్ల పంక్చర్ దుకాణం ఉండేది. పొద్దున లేస్తే లారీ డ్రైవర్లతో బేరాలే కాబట్టి బాపును మోసం చేయగల మనిషి ఆ రోడ్డు మీద ఇంకా పుట్టలేదు. నేను ఏది కొనుక్కొచ్చినా చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఎంత పెట్టినవ్?" అనేవాడు. నేను చెప్పేదాన్ని. ఆయన కాసేపు ఆ వస్తువును, ఇంకాసేపు నన్ను జాలిగా చూసి, "నిన్ను సూడంగనే ధర పెరుగుతది బిడ్డా" అనేవాడు. అలాంటి నాకు డిగ్రీ అవగానే దేవరకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. మొదటి రోజే చెప్పాల్సిన పాఠం లాభనష్టాలు. (బాపుకు ఈ సంగతి చెప్పలేదు. ఆయన అప్పటికే దేవుణ్ని చాలా విషయాల్లో క్షమించి ఉన్నాడు.)

నేను కిరాయికి దిగింది ఒక ముసలావిడ ఇంటి మేడ మీద గదిలో. ఆమెను వీధంతా అవ్వ అనేవాళ్లు, నేనూ అవ్వ అనే పిలిచాను. కింద వాకిట్లో ఆమెకొక పిల్లి ఉండేది. నేను వెళ్లిన కొత్తలోనే అది జొన్నల గంపలో ఈనింది. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, ఇది ఆ మాటను చాలా గట్టిగా పట్టించుకున్న పిల్లి. గంపలోంచి కట్టెల మోపు వెనక్కి, అక్కడి నుంచి పక్కింటి రేకుల కిందికి, మళ్లీ గంపలోకి, పూటకో కాపురం. ఈ బదిలీల్లో ఎక్కడో తప్పించుకుని ఒక బూడిదరంగు కూన మెట్లెక్కి నా గదికి రావడం మొదలుపెట్టింది. తోక కొస వంకర, మీసం ఒక పక్కే తెల్లన, గుప్పిట్లో పట్టేంత ప్రాణం. దానికి పావలా అని పేరు పెట్టాను. నేను యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతుంటే ఎర్ర పెన్నుతో కొట్లాడి, అలిసిపోయి, నా చెప్పులో తలపెట్టి పడుకునేది. ఆ ఊళ్లో నాకు ఇంకా ఎవరూ తెలియదు. సాయంత్రం గది తాళం తీసేటప్పుడు మెట్ల మీద నాకోసం కూర్చుని ఉండే ప్రాణం అదొక్కటే. అది లేకపోతే ఆ ఉద్యోగం వదిలేసి కొత్తకోట బస్సు ఎక్కేసేదాన్నేమో, నిజం చెబుతున్నాను.

ఇలా ఉండగా అవ్వ ఒక సోమవారం నీళ్లు తోడుతూ, "ఆయితారం మా తమ్ముడొస్తడు బిడ్డా, కూనలను తండా దిక్కు తీస్కపోతడు. ఆడ పల్లికాయ కుప్పలల్ల ఎలుకలు ఆగుతలేవంట" అంది. పావలాను కొనేయాలని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను. కానీ ఎంతకు? హైదరాబాదులో ఉన్న మా చిన్నమ్మ కొడుక్కి ఫోన్ చేశాను. వాడొక బొచ్చుపిల్లిని పన్నెండు వేలకు తెచ్చుకున్నాడట. "అక్కా, మంచి పిల్లి అంటే అంతే ఉంటది" అన్నాడు గర్వంగా. తర్వాత బాపుకు చేశాను. "పిల్లికి పైసలా? రూపాయి పెట్టినా నన్ను బాపు అనకు" అని ఫోన్ పెట్టేశాడు. సున్నాకూ పన్నెండు వేలకూ మధ్య న్యాయమైన ధర ఎక్కడుంటుందో ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు. తోక వంకరకు కొంత, మీసానికి కొంత తీసేసి, ప్రేమకు కొంత కలిపి, ఐదు వందల దగ్గర ఆగాను.

మా స్కూల్లో తెలుగు టీచరమ్మ బేరాల్లో దిట్ట. ముందు వస్తువు నచ్చనట్టు మొహం పెట్టాలనీ, వంకలు చెబితే అమ్మేవాళ్లు మెత్తబడతారనీ ఆమె నాకు నేర్పింది. ఆ విద్యతో అవ్వ దగ్గరికి వెళ్లాను. "అవ్వా, ఆ బూడిదరంగు దాని తోక వంకరున్నదే. మీసం గూడ ఒక్కదిక్కే తెల్లగున్నది. మొహం సూస్తే ఎలుకలు పట్టేటట్టు లేదు" అన్నాను. అవ్వ చాట పక్కన పెట్టి శ్రద్ధగా విని, "నిజమే బిడ్డా, నీకెందుకది" అని మళ్లీ బియ్యం చెరగసాగింది. బేరం అక్కడితో అయిపోయింది. ఇంకేం చేయాలో తోచక ఐదు వందల నోటు తీసి చాట అంచున పెట్టాను. అవ్వ దాన్ని పురుగును చూసినట్టు చూసింది. "ఏందిది? కూనకు పైసలా? మజ్జిగ తోడుకు పైసలు తీసుకుంటరా ఎవలన్న? పిల్లిని అమ్ముకునే గతి మాకు పట్టలే" అని నోటును నా వైపు నెట్టింది.

ఇక్కడ తెలివైనవాళ్లు ఆగేవాళ్లు. నేను మాత్రం ఇదంతా బేరమే అనుకున్నాను. మర్నాడు ఏడు వందలు అన్నాను. అవ్వ చాట ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ మర్నాడు వెయ్యి అన్నాను, అదీ వాకిట్లో నిలబడి, వీధంతా వినేలా. అవ్వ తలుపేసుకుంది. రోజూ సాయంత్రం పైకి పంపే జొన్నరొట్టె ఆ రోజు రాలేదు. వెయ్యి రూపాయల మాట మాత్రం గడప దాటి, మూలమీది కిరాణం దాటి, బస్టాండు దాకా పోయింది. శనివారం స్కూలుకు సెలవు. పొద్దున్నే కింద గోలగా ఉంటే తలుపు తీసి చూశాను. మెట్ల నిండా పిల్లులు, వాటి వెంట మనుషులు. ఆరో తరగతి పిల్లలు పుస్తకాల సంచుల్లో తెచ్చారు. ఒకామె ఊరంతా వెదికి ఒక ముసలి పిల్లిని చంకలో పట్టుకొచ్చింది. "టీచర్, దీనికి ఎనిమిది వందలు ఇచ్చినా సాలు" అని మా క్లాసు లీడరు. లాభనష్టాల్లో వాడికి సున్నా వేసినందుకు అప్పుడు బాధపడ్డాను. అందరికంటే వెనక, పాత ఇనుము కొనే ఆయన గోనెసంచితో నిలబడి, "మేడమ్, కిలో లెక్కననా, తలకాయ లెక్కననా?" అని అడిగాడు.

ఆ సంచిలో ఉన్నది గండుపిల్లి. ఆయన మూతి విప్పాడో లేదో అది నా తలమీదుగా గదిలోకి దూకి, టెస్టు పేపర్ల మీద ఒక ప్రదక్షిణ చేసి (ఆ ప్రశ్నపత్రాన్ని అంత చీల్చి చెండాడినవాళ్లు ఇంకెవరూ లేరు), కిటికీలోంచి అవ్వ వాకిట్లోకి దిగింది. గండుపిల్లి కూనలను బతకనివ్వదని నాకు అప్పటిదాకా తెలియదు. తల్లిపిల్లి వీపు విల్లులా వంచి అరిచిన అరుపుకు వీధిలో కుక్కలు కూడా ఊరుకున్నాయి. అవ్వ రోకలి పట్టుకుని గండుపిల్లినీ, ఇనుము ఆయననూ, మెట్ల మీది సంతనంతా తరిమేసి, చివరికి నా వైపు తిరిగింది. "పసికూనలున్న ఇంటికి గండుపిల్లిని పిలుస్తవా? సదువుకున్నదానివేనా నువ్వు?" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం చర్చికి వెళ్లాను. ఆ ప్రార్థనలో నేనేం అడిగానో పాస్టరుకు తెలిసి ఉంటే ఆ వారం ప్రసంగం నా మీదే ఉండేది. తిరిగొచ్చేసరికి వాకిట్లో అవ్వ తమ్ముడు ఖాళీ గంపతో, మీసాలు దువ్వుకుంటూ నిలబడి ఉన్నాడు. కూనలు లేవు. గండుపిల్లికి భయపడి తల్లి ఎక్కడికో మార్చేసింది. రేకుల కింద, కట్టెల వెనక, పక్కిళ్ల అటకల మీద, వీధి వీధంతా వెదుకుతోంది. పావలా కూడా లేదని తెలిసి నీరసంగా పైకెళ్లి తలుపు తీశాను. పొద్దున హడావుడిలో కిటికీ, సూట్‌కేసు మూయడం మరిచిపోయాను. అందులో, "సగం ధర కూడ చెయ్యది" అని బాపు తేల్చిన నా పట్టుచీర మీద, తల్లీ కూనలూ అన్నీ పడుకుని ఉన్నాయి. పావలా కళ్లు తెరిచి, ఇంత ఆలస్యమైందేమన్నట్టు నన్ను చూసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సూట్‌కేసుకు అడ్డంగా కూర్చున్నాను. అవ్వ గుమ్మంలోంచి, "గిటేమన్న వచ్చినయా?" అంది. "రాలే అవ్వా" అన్నాను. (చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోలేదు.) నా వెనక పావలా మ్యావ్‌మంది. నేను దగ్గాను. అది మళ్లీ మ్యావ్‌మంది. నేను మళ్లీ దగ్గాను. "దగ్గు మంచిగనే పట్టింది బిడ్డా" అని అవ్వ లోపలికొచ్చింది. ఆమె తమ్ముడు నన్ను పక్కకు జరగమని సూట్‌కేసులో చెయ్యి పెట్టాడు. తల్లిపిల్లి ఒక్కటే దెబ్బ కొట్టింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని చూసుకుని, "అక్కా, నాకు ఎలుకలే నయం" అన్నాడు.

అవ్వ సూట్‌కేసు ముందు కూలబడి చాలాసేపు నవ్వింది. తర్వాత, "తల్లే ఇల్లు మార్చినంక తియ్యనీకి మనమెవ్వరం? పాలు మరిచినంక మిగతయి ఆడు తీస్కపోతడు. గిది నీకు" అంది. నా చెయ్యి అలవాటుగా పర్సు వైపు పోయింది. అవ్వ కళ్లతోనే ఆపింది. "ఇగ ధర చెప్త ఇను. తోడు తీస్కపోయినోళ్లు పెరుగైనంక మళ్ల తోడే తెచ్చిస్తరు. నీ ఇంట్ల కూనలైనప్పుడు నాకొకటి తెచ్చియ్యి. గంతే." ఆ సాయంత్రం జొన్నరొట్టె వచ్చింది. తర్వాత బాపు వచ్చి పావలాను అటూ ఇటూ తిప్పి, "ఎంత పెట్టినవ్?" అన్నాడు. పైసా పెట్టలేదన్నాను. నా జీవితంలో మొదటిసారి ఆయన నా భుజం తట్టాడు. (తల్లికి రోజూ పోసిన పాల సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.) అంతా బాగానే ఉంది కానీ, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజున తెలిసింది, పావలా మగది. ఆ మాట చెబితే అవ్వ, "లెక్కల టీచరువు, గంత లెక్క గూడ సూస్కోలే?" అని వారం రోజులు నవ్వింది.

ఇప్పుడు నేను నార్కట్‌పల్లిలో ఉంటున్నాను. పావలా ముసలిదై, చేతనైనన్ని ఎలుకలను వదిలేసి, నా చెప్పుల పక్కనే వెళ్లిపోయింది. దాని ధర మాత్రం తీర్చలేకపోయానని అప్పుడప్పుడు దిగులేసేది. ఈమధ్య మా ఇంట్లో కుట్టుమిషను వెనక ఏదో వీధిపిల్లి వచ్చి ఈనింది. కూనలు పాలు మరిచాక ఒకదాన్ని టిఫిను సంచిలో పెట్టుకుని దేవరకొండ బస్సెక్కాను. అవ్వ వాకిట్లో మంచం మీద చిన్నగా అయిపోయి కూర్చుని ఉంది. గంప బోర్లించి ఉంది, ఇంట్లో పిల్లి లేక చాలా రోజులైందట. సంచి విప్పి కూనను ఆమె చేతిలో పెట్టాను. అవ్వ దాన్ని వెలుతురుకు ఎత్తి, తిప్పి తిప్పి చూసి, "తోక వంకరున్నది" అంది. నిజానికి ఆ తోక కర్రలా తిన్నగా ఉంది. "మీసం గూడ ఒక్కదిక్కే తెల్లగున్నది. మొహం సూస్తే ఎలుకలు పట్టేటట్టు లేదు."

ఆ మాటలు నావేనని గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఐదు వందల నోటు గుప్పిట్లో నలుపుకుంటూ ఇదే వాకిట్లో నిలబడ్డ ఆ తెలివైన పిల్ల కళ్లముందుకొచ్చి నవ్వొచ్చింది.

"నిజమే అవ్వా, నీకెందుకది. ఇటియ్యి" అని చెయ్యి చాపాను.

అవ్వ అప్పటికే దాన్ని కొంగులో కప్పేసుకుంది.