రేవు వీధి సిగ్నల్ మావయ్య

రేవు వీధి సిగ్నల్ మావయ్య నోరు తెరిచేది భోజనానికీ, ఆవలింతకీ మాత్రమే. మిగతా వ్యవహారమంతా చేతులతోనే. మూగవాడు కాదు, మౌనవ్రతం అంతకన్నా కాదు. ఓడరేవులో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన పని క్రేనుకి సిగ్నల్ ఇవ్వడం. ఎక్కడో పైన గదిలో కూర్చున్న క్రేన్ డ్రైవరుకి ఓడ పొట్టలో ఏముందో కనిపించదు. అంచున నిలబడి చేతులూపే మనిషి ఎలా చెబితే అలా నడపాలి. వేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తమని, కిందికి పెట్టి తిప్పితే దించమని, పిడికిలి బిగిస్తే అలాగే ఉంచమని, చెయ్యి బారుగా చాపితే ఆపమని. మావయ్యకి ఉద్యోగం అయిపోయింది, పెన్షన్ మొదలైంది. చేతులు మాత్రం రిటైరవడానికి ఒప్పుకోలేదు.

ఈ సంగతి కోడలికి ముందుగా ఎవరూ చెప్పలేదు. కాపురానికొచ్చిన మొదటి రోజు ఆమె భయభక్తులతో కూర వడ్డించబోతే, మావయ్య ఆమె ముఖం ముందు పిడికిలి బిగించాడు. ఆ పిల్ల గరిటె అక్కడే వదిలేసి వంటింట్లోకి పరిగెత్తింది.

"అత్తయ్యా, మావయ్యగారు కొట్టేలా ఉన్నారు!"

"ఆయన మొహం! పిడికిలంటే అలాగే ఉంచమని. నోట్లో ముద్ద దిగాక వడ్డించమంటున్నారు. వెళ్లు, ఈపాటికి వేలు తిప్పుతూ ఉంటారు."

కోడలు తొంగి చూసింది. నిజంగానే మావయ్య కంచం మీద వేలు కిందికి తిప్పుతూ, కూర ఎందుకు దిగడం లేదా అని ఇంటి కప్పు వైపు చూస్తున్నాడు.

సెలూన్‌లో కుర్చీ ఎత్తాలన్నా దించాలన్నా ఆయన సిగ్నల్ పడాల్సిందే. "చేతులు గుడ్డ లోపల పెట్టుకోండి మావయ్యా, చెవి తెగుతుంది" అని సెలూన్ అతను మొత్తుకునేవాడు. మావయ్య బుద్ధిగా లోపల పెట్టుకునేవాడు. గుడ్డ కింద బొటనవేలి పక్క వేలు మాత్రం తిరుగుతూనే ఉండేది.

ఒకసారి వీధి చివరింటివాళ్లు మేడ మీదికి నీళ్ల ట్యాంకు ఎక్కిస్తున్నారు. మావయ్య తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లి, ఎవరూ పిలవకపోయినా నడివీధిలో నిలబడ్డాడు. తాళ్లు లాగే కూలీలు ఆయన చేతుల ధాటికి ఇంటి యజమానిని చూడటం మానేశారు. ట్యాంకు గాల్లోకి లేచింది. ఒయ్యారంగా ఒక చుట్టు తిరిగింది. చిన్న గీత కూడా పడకుండా మెత్తగా దిగింది, పక్కింటి మేడ మీద.

"మా ట్యాంకు వాళ్ల మేడ మీద పెట్టించారేంటండీ!" అని ఇంటాయన లబోదిబోమన్నాడు.

"ఎక్కడ దిగిందో తరవాత చూసుకో. ఎలా దిగిందో చూశావా?" అన్నాడు మావయ్య. ఆ నెలలో ఆయన నోటి నుంచి వచ్చిన పెద్ద ప్రసంగం అదే.

తను ఊపి ఊరుకుంటే కోడలు ఎలాగో సర్దుకునేదే. వీధి వీధంతా ఊపాలని ఆయన పట్టు. కిరాణా కొట్టాయన నోటితో "ఏం కావాలి?" అంటే మావయ్య ఉలకడు పలకడు. చెయ్యి తిప్పి అడిగితేనే బేరం. టీ కొట్టు ఆవిడ పంచదార వెయ్యనా వద్దా అన్నది వేళ్లతో అడిగితే తప్ప గ్లాసు ముట్టడు. "ఈ ముసలాయనకి టీ ఇవ్వడం కన్నా ఓడకి సరుకెత్తడం తేలిక" అని ఆవిడ విసుక్కునేది. విసుక్కుంటూనే నేర్చుకుంది. రేవుకి వెళ్లే లారీలు వీధి మొగలో బారులు తీరి ఆగితే, మావయ్య ఒక్కొక్క లారీ మెట్టెక్కి డ్రైవర్లకి పాఠం చెప్పేవాడు. "హారన్ కొట్టకు, చెయ్యి చూపించు" అంటూ ఆ రోజుకి దాచుకున్న మాటలన్నీ అక్కడే ఖర్చు పెట్టేసేవాడు.

కోడలు రేవు గేటు దగ్గర, సరుకులకి కస్టమ్స్ అనుమతులు తెచ్చిపెట్టే ఆఫీసులో పనిచేసేది. లారీ డ్రైవర్లు ఆ కిటికీ అవతల నిలబడి ఆమెకి చేతులూపడం మొదలుపెట్టారు.

"ఎవరమ్మా వాళ్లు?" అన్నాడు మేనేజరు కళ్లద్దాలు సవరించుకుంటూ.

"మా మావయ్యగారి శిష్యులండీ."

"ఏమంటున్నారు?"

"సరుకు దింపేశారటండీ" అంది కోడలు, తల బల్ల మీదికి వంచేస్తూ. మేనేజరు కూడా కిటికీ వైపు తిరిగి వేలు కిందికి తిప్పి చూపించాడు. అవతలివాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి చెప్పుల్ని గుమ్మం దగ్గర విసిరికొట్టింది.

"మావయ్యగారూ, మీ చేతులు మీ ఇష్టం. ఊరందరి చేతా ఎందుకండీ ఈ గంతులు?"

"నోరు తెరిస్తే బొగ్గు దుమ్ము లోపలికి పోతుందమ్మా."

"తెరవకపోతే నా పరువు పోతోందండీ!"

మావయ్య పిడికిలి బిగించాడు. అలాగే ఉంచమని.

దుమ్ము మాట అబద్ధమేమీ కాదు. ఒకప్పుడు ఓడ కూత వినిపిస్తే వీధిలో మగాళ్లంతా పనిలోకి పరిగెత్తేవాళ్లు. బస్తాలు, కలప దుంగలు, ఇనుప రేకులు అన్నీ మనుషుల చేతుల మీదుగా దిగేవి. తరవాత ఇళ్లంత ఇనుప పెట్టెలొచ్చాయి. చేతులూపేవాళ్ల స్థానంలో వాకీటాకీలొచ్చాయి. పనివాళ్లు పోయి వీధి నిండా లారీలొచ్చాయి. రేవులో బొగ్గు కుప్పలు లేచాక, పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో గాలిని బట్టి ఉండేది. సముద్రం పోటు మీదుంటే మురుగు కాలవ వెనక్కి తన్ని వీధిలోకి వచ్చేది.

ఇదంతా ఎదురు మేడ కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు క్రేన్ బాబాయి. మావయ్య సర్వీసంతా చేతులూపింది ఈయన క్రేనుకే. భార్య పోయింది. ఒక్కతే కూతురు, ఊరికి అవతల కొత్త కాలనీలో కాపురం. అన్నేళ్లూ ఇంజను హోరు పక్కన కూర్చుని బాబాయి చెవులు పాడుచేసుకున్నాడు. ఆ మాట ఎవరైనా అంటే మాత్రం అగ్గి మీద గుగ్గిలం. "నా చెవులకేం, లక్షణంగా ఉన్నాయి. జనమే గొణుగుతున్నారు" అనేవాడు. కూతురు చెవి మిషన్ కొనిస్తే బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఒక ఉదయం వెనక్కి వస్తున్న లారీ ఒకటి బాబాయి చేతి సంచీని రాసుకుంటూ పోయింది. వీధికి కొత్త డ్రైవరు. హారన్ కొట్టాడు గానీ చెయ్యి చూపించలేదు. సంచీ చిరిగింది, మనిషి దక్కాడు. కబురు తెలిసి కూతురు వచ్చి తండ్రి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. అరుపులు విని మావయ్య, అత్తయ్య, కోడలు అక్కడికి పరిగెత్తారు.

"పెదనాన్నా, మీరైనా చెప్పండి. ఇంకోసారి లారీ సంచీ దగ్గర ఆగుతుందా? నాకు రాత్రిళ్లు నిద్ర పట్టదు" అంది కూతురు.

ఆమె పెదవుల్ని బట్టి బాబాయికి విషయం అర్థమైంది. "ఆ అపార్ట్‌మెంట్‌లో కిటికీ తీస్తే పక్కవాళ్ల గోడ. నేను గోడ చూస్తూ చావాలా? ఇక్కడైతే ఓడలు కనిపిస్తాయి. నేను రాను" అని మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత మనిషి అలా పట్టె పట్టుకుని కూర్చోవడం చూసి కోడలికి గుండె కలుక్కుమంది. అలాగని కూతురి భయమూ తప్పని ఎలా అంటుంది?

అప్పుడు మావయ్య నోరు తెరిచాడు. "ఒక్క పని చెయ్యమ్మా. రేపు పొద్దున వాణ్ణి ఒక్కణ్ణే బజారుకెళ్లి రానీ. నువ్వు వెనకాలే నడు. నీకు భయం వేస్తే తీసుకెళ్లిపో. నేను అడ్డు రాను."

"మీరు వెంట వెళ్లకూడదు మరి" అంది కూతురు.

"వెళ్లను."

"వాకిట్లో నిలబడి చేతులూపకూడదు" అంది అత్తయ్య. మర్నాడు ముందు జాగ్రత్తగా ఆయన ఒళ్లో ఉల్లిపాయల బుట్ట పెట్టి ఒలవమంది.

బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని, కుట్టించిన సంచీ పట్టుకుని పెళ్లికొడుకులా బయల్దేరాడు. వెనక కాస్త దూరంలో కూతురు, ఆమెకి తోడుగా కోడలు. సెలూన్ దగ్గర పోటు నీటికి కాలవ మూత లేచిపోయి ఉంది. సెలూన్ అతను కత్తెర పట్టుకున్న చెయ్యి బారుగా చాపాడు. బాబాయి ఆగాడు, చూసుకున్నాడు, చుట్టు తిరిగి వెళ్లాడు. కిరాణా కొట్టాయన అటక వైపు చూపించి వేలు కిందికి తిప్పాడు. నీ సరుకు దించనా అని. బాబాయి పిడికిలి చూపించాడు. టీ కొట్టు ఆవిడ, మొగుడు ఇంకా లేవలేదని చెంప కింద చెయ్యి పెట్టుకుని గురక నటించింది. బాబాయి పగలబడి నవ్వాడు.

"నాన్న నవ్వడం అమ్మ పోయాక ఇదే చూడటం" అంది కూతురు.

మలుపులో పెద్ద లారీ వెనక్కి వస్తోంది. కూతురు అరవబోయింది. అరిచి లాభం లేదని గుర్తొచ్చి పరుగెత్తబోయింది. ఈలోపే డ్రైవరు సగం బయటికి వంగి చెయ్యి చాపాడు. బాబాయి ఠక్కున ఆగిపోయాడు. అంతటితో ఊరుకోలేదు. సంచీ అరుగు మీద పెట్టి, వెనక గోడకీ లారీకీ మధ్య ఎంత జాగా ఉందో చూసి, తనే వేలు తిప్పుతూ ఆ లారీని మలుపు దాటించాడు. డ్రైవరు సెల్యూట్ కొట్టి వెళ్లాడు. ఇంతసేపట్లో వీధిలో ఒక్కరు నోరు విప్పలేదు, ఒక్క హారన్ మోగలేదు.

కూతురు అరుగు మీద కూలబడింది. "మా కాలనీలో పక్కింటివాళ్లు నోటితో కూడా మాట్లాడరే" అంది. ఇంటికెళ్లి సర్దిన బట్టలన్నీ మళ్లీ బీరువాలో పెట్టింది.

కోడలు మాత్రం తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. "అత్తయ్యా, మావయ్యగారు మొదటి నుంచీ ఇంతేనా? ఇంట్లో కూడా చేతులతోనేనా?"

"ఆయనా! వసపిట్ట తల్లీ. వాగి వాగి నా ప్రాణం తీసేవారు. బాబాయికి చెవులు ఇక వినపడవని డాక్టరు చెప్పిన రోజు నుంచే ఈ వేషం. 'వాడొక్కడితోనే చేతులూపితే వాడు సిగ్గుపడతాడు. అందరితోనూ ఊపితే నన్ను పిచ్చివాడంటారు, అంతే కదా' అన్నారు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు."

కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పరువు గురించి తను అన్న మాట తలుచుకుని నాలుక కరుచుకుంది. అంతలో ఎదురు కిటికీలోంచి క్రేన్ బాబాయి రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె వెళ్లేసరికి ఆయన అటూ ఇటూ చూసి, దగ్గరికి వంగాడు.

"నీకొక్కదానికే చెబుతున్నానమ్మా. మీ మావయ్యకి చెవులు పోయాయి."

కోడలు గిరుక్కున తిరిగి ఎదురు వాకిట్లో ఉన్న మావయ్య వైపు చూసింది.

"పాపం, ఎవరికీ చెప్పుకోడు. వీధిలోవాళ్లు మంచివాళ్లు గనక వాడి కోసం అందరూ చేతులతో మాట్లాడటం నేర్చుకున్నారు. నేనూ అందుకే అలా మాట్లాడతాను. నిన్న మంకుపట్టు పట్టానంటే ఓడల కోసమనుకున్నావా? నేను వెళ్లిపోతే వాడికి తోడెవరు? ఈ మాట వాడితో అనకు. అభిమానం గల మనిషి, బాధపడతాడు."

గుసగుసగా చెబుతున్నానని ఆయన అనుకుంటున్నాడు. అది టీ కొట్టు దాకా వినిపించింది. టీ కొట్టు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సెలూన్ అతను కత్తెర ఆపేశాడు. వీధంతా మావయ్య వైపు తిరిగింది.

వాకిట్లో మావయ్య ఉల్లిపాయ కింద పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు. ఉల్లిపాయల ఘాటుకేనని ఎవరైనా అనుకోవచ్చు. తరవాత కిటికీ వైపు చూసి, చెవి వెనక అరచెయ్యి ఆనించి, ఏమీ వినపడలేదన్నట్టు దీనంగా తల అడ్డంగా ఊపాడు.

"చూశావా, నేను చెప్పలేదూ?" అన్నాడు క్రేన్ బాబాయి.