నాలుగడిగితే ఒకటిచ్చే లోవరాజు గారు

లోవరాజు గారి దగ్గర రెండో ప్రాసెసర్ రాబట్టిన మనిషి కాకినాడలోని ఆ ఎరువుల ఫ్యాక్టరీలో ఒక్కరూ లేరని సత్యకుమారి ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

2004 నాటి మాట. కంప్యూటర్ సెక్షన్లో మెయిన్‌ఫ్రేమ్ అని బీరువాంత పెద్ద కంప్యూటర్ ఉండేది. లోపల లినక్స్ అనే సిస్టమ్‌కి ఇచ్చిన నిజం ప్రాసెసర్లు, అంటే లెక్కలు చేసే మెదళ్లు, రెండే. వాటినే పంచి, సెక్షనుకో లినక్స్ మిషన్ ఉన్నట్టు నడిపించేవారు అక్కడి లోవరాజు గారు. దేనికెన్ని ఉత్తుత్తి ప్రాసెసర్లు ఉండాలో రాసేదీ ఆయనే. ఎవరడిగినా ఒకటే రాసేవారు.

లారీలకు గేట్‌పాస్‌లిచ్చే డిస్పాచ్‌లో కొత్తగా చేరిన సత్యకుమారి వెళ్లి అడిగింది. "నా మిషన్‌కి నాలుగు కావాలండి."

"అసలున్నవే రెండండి. నాలుగని రాస్తే మిషన్ నమ్ముతుంది గానీ, పని సాగదండి."

"పోనీ, రెండు?"

"ఒకటి వాడి చూడండి. చాలకపోతే నేనే వచ్చి ఇస్తాను."

క్యాంటీన్లోనూ అంతే. ఇడ్లీ ఒక్కటే వేయించుకుని, తిన్నాక మళ్లీ లేచి వచ్చేవారు. వడ్డించే అప్పాయమ్మ విసిగిపోయి, "నాలుగూ ఒకేసారి పట్టుకెళ్లండి బాబూ," అనేది. "నాలుగోది చల్లారిపోద్ది కదమ్మా," అనేవారాయన. చివరికి గరిటె ఆయన చేతికే ఇచ్చేసింది.

ఆ జూలైలో, రామచంద్రపురంలో మేనకోడలి పెళ్లని ఆయన సెలవు పెట్టారు. ఇదే అదనని మేనేజరు చంద్రరావు గారు తన రిపోర్టుల మిషన్‌కి నాలుగు ప్రాసెసర్లూ, ఆ అసలు రెండింటి టైములో అందరికంటే పెద్ద వాటా పెట్టించుకున్నారు. అసలే ఊడ్పుల రోజులు. మర్నాడు పొద్దున్నే గేట్‌పాస్‌లు ఆగిపోయాయి. యూరియా లారీలు రోడ్డు పొడుగునా నిలబడ్డాయి.

"నీ ప్రోగ్రామే బాలేదమ్మా. ఇంకా ప్రొబేషన్లో ఉన్నావు, గుర్తుందా?" అన్నారు చంద్రరావు గారు.

సత్యకుమారి బయటికొచ్చింది. పెళ్లివారింటికి ఫోన్ చేసింది. గంటన్నరలో లోవరాజు గారు పట్టుపంచెతోనే దిగారు. పది నిమిషాల్లో అంతా సర్దేశారు. ప్రింటర్ కదిలింది.

అప్పుడు చూసిందామె తెరమీద. డిస్పాచ్ మిషన్‌కి ప్రాసెసర్ ఒకటే. వాటా మాత్రం అందరికంటే పెద్దది. తను చేరిన రోజునే పెట్టినట్టు తేదీ ఉంది. వాటాల్లో అట్టడుగున ఉన్నది ఆయన సొంత మిషన్.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే అందరూ అడుగుతారండి. రిపోర్టులు ఏసీలో కూర్చుంటాయి. డ్రైవర్లు ఎండలో నిలబడతారు."

తర్వాత కాగితం తీసుకుని, పని సరిగ్గా అప్పగించకుండా సెలవు పెట్టానని, తప్పు తనదేనని, అమ్మాయి ప్రోగ్రామ్‌లో లోపం లేదని రాసి, సంతకం పెట్టి మేనేజరు టేబుల్‌ మీద ఉంచారు.

"తప్పు మీది కాదు కదండీ," అంది సత్యకుమారి.

"నా ప్రొబేషన్ అయిపోయి ఇరవై ఏళ్లయిందండి. నన్నేం చేస్తారు? అక్కడ పెళ్లివారు భోజనాల బంతిలో కూర్చోబెట్టడానికి నాకోసం చూస్తుంటారు, వస్తాను."

బస్సుకింకా టైముంది. సత్యకుమారి గేటు దాకా పరిగెత్తి, రామచంద్రపురం వెళ్లే లారీ ఆపింది. పంచె నలగకుండా ఎగ్గట్టుకుని ఆయన క్యాబిన్లోకి ఎక్కుతుంటే, ఆయనెవరో తెలియని డ్రైవరు అడిగాడు. "పెళ్లికొడుకు తాలూకా అండి?"

"డిస్పాచ్ తాలూకా అండి," అన్నారు లోవరాజు గారు.