సాక్సు కుందేలు

ప్రీ స్కూల్ టీచర్ ట్రైనింగ్‌లో నేను అక్కా అని పిలిచే నా రూమ్మేట్‌కు పిల్లల ముందు చేతులు వణికేవి. అంత భయమున్న మనిషి ఈ కోర్సులో ఎందుకు చేరిందో నాకిప్పటికీ తెలీదు. సాక్సుతో కుట్టిన కుందేలును చేతికి తొడుక్కుని కథ చెప్పేది. చెయ్యి వణికితే కుందేలు గెంతుతోందనుకునేవాళ్లు పిల్లలు.

ప్రాక్టికల్ పరీక్ష రోజు తార్నాకలో ఆటో దిగుతూ ఆ బొమ్మను అందులోనే మరిచిపోయింది. "ఇప్పుడెట్లనే?" అంటూ పరీక్ష జరిగే క్యాంపస్ నర్సరీ స్కూల్ దాకా నన్నే తిట్టింది.

ఎగ్జామినర్ మేడమ్ పిల్లల వెనక కూర్చుంది. అక్క ఉత్త చెయ్యే ఎత్తి, "ఇది కుందేలు" అంది. ఆ చెయ్యి గజగజ వణుకుతోంది.

ముందున్న పాప లేచొచ్చి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"కుందేలు భయపడ్తున్నది టీచర్. నేను పట్టుకుంట, నువ్వు చెప్పు."

అక్క చెప్పింది. కథ అయిపోయినా పాప చేతుల్లోంచి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.