ఆంటీ వంటింట్లో పర్యాయపదాలు

ఆదివారం పొద్దున్న కాఫీ కలుపుకుంటుంటే ఫోన్ మోగింది. "అమ్మ పోయిందే. ఇందాకే, నిద్దట్లోనే. ఇంకా ఎవరికీ చెప్పలేదు, ఫస్ట్ నీకే కాల్ చేశాను," అంది ఆంటీ కూతురు. ఫోన్ పెట్టేశాక కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఆవిడ నాకు చుట్టం కాదు. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింటి ఆంటీ. కానీ ఇవాళ నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినా, వాటితో నాకో బతుకుతెరువు దొరికినా అంతా ఆవిడ చలవే.

ఎనభైల మొదట్లో మేం అక్కడికి వెళ్లేనాటికి నాకు పదేళ్లు. క్లాసులో నోరు విప్పేదాన్ని కాదు. పిల్ల బాగా వెనకబడింది, వచ్చే ఏడూ ఇదే క్లాసులో కూర్చోబెడతామని టీచర్ నాన్నను పిలిచి చెప్పేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆంటీ తన కూతుర్ని ఓ ప్రైవేటు స్కూలు ఎంట్రెన్స్‌కి తయారు చేస్తున్నారు. ఆ అమ్మాయిదీ నా ఈడే. నా సంగతి విని పెరటి గుమ్మంలోంచి వచ్చి, "దీన్నీ పంపించు వదినా. అక్కడ సీటొస్తే ఈ గొడవే ఉండదు," అన్నారు అమ్మతో.

ఆ పరీక్షలో నన్ను భయపెట్టింది పర్యాయపదాలే. పెద్దవాళ్లు కూడా వాడని మాటలు. ఆంటీ చదివింది బోటనీ. "నాకూ రావర్రా ఇవన్నీ. ముగ్గురం కలిసి నేర్చుకుందాం," అంటూ డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. చీర మీద అంకుల్ పాత స్వెటర్, కాళ్లకు మందపాటి మేజోళ్లు. పేజీ తిప్పే ముందు వేలు నాలుక్కి అద్దుకుంటే, కూతురు "జెర్మ్స్, అమ్మా" అని విసుక్కునేది.

బట్టీ పట్టి అప్పజెపితే ఊరుకునేవారు కాదు. "రెండిటికీ అర్థం ఒకటే అయితే రెండు మాటలెందుకు? ఎక్కడో తేడా ఉంటుంది, వెతుకు," అనేవారు. ఓ సాయంత్రం అరిసెల కోసం స్టవ్ మీద బెల్లం పాకం పెట్టి మమ్మల్ని పిలిచారు. ఇండియా నుంచి ఎవరో మోసుకొచ్చిన బెల్లం అది. పళ్లెంలో నీళ్లు పోసి, అందులో ఓ చుక్క వేశారు. కరిగి జారిపోయింది.

"ఇది లేతపాకం. యానాయ్డ్ అంటే ఇంతే, కాసేపటికి పోయే కోపం."

కాసేపాగి ఇంకో చుక్క వేశారు. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అయింది. "ఇండిగ్నెంట్. అన్యాయం జరిగిందని వచ్చే కోపం. చూడు, దీనికో ఆకారం వచ్చింది."

పాకం ఇంకా ఉడికాక మూడో చుక్క వేసి, ఆ ఉండ తీసి పళ్లానికేసి కొడితే ఠంగుమంది. "లివిడ్. పట్టరాని కోపం. ఇంక దీన్ని ఎవరూ ఏం చేయలేరు."

పాకం నిజంగానే ముదిరిపోయింది. అరిసెలు చేయడం కుదరలేదు. అంకుల్ ఆఫీస్ నుంచి వచ్చి ఓ ముక్క నోట్లో వేసుకోబోతే, "వద్దండీ, లివిడ్ అయింది, పన్ను ఊడుతుంది," అంటూ పడీపడీ నవ్వారు. ఆంటీ అంతగా నవ్వడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

వాళ్లమ్మాయికి మాటలు ఇట్టే వచ్చేవి. నేను పొద్దున నేర్చుకున్నది సాయంత్రానికి మర్చిపోయేదాన్ని. అందుకని కూతుర్ని టీవీ చూసుకోమని పంపించి, నన్ను ఇంకాసేపు కూర్చోబెట్టుకునేవారు. "అది ఇక్కడే పుట్టిందిలే, ఎలాగో నెట్టుకొస్తుంది. ముందు నీ సంగతి చూద్దాం," అనేవారు.

చివరికి సీటు నాకు వచ్చింది. వాళ్లమ్మాయికి రాలేదు.

అమ్మ ఆంటీకి మొహం చూపించలేకపోయింది. పెరటి వైపు వెళ్లడమే మానేసింది. సీటు వదిలేద్దామన్నారు నాన్న. ఆ స్కూలు దూరం, బస్సు లేదు, నాన్నకు తెల్లవారుజామునే డ్యూటీ, అమ్మకు డ్రైవింగ్ రాదు. అవన్నీ నిజమే గానీ అసలు కారణం పక్కింట్లో ఉందని నాకు తెలుసు. అలా అనుకుంటుండగా ఓ మధ్యాహ్నం ఆంటీ మంచు తొక్కుకుంటూ వచ్చి తలుపు తట్టారు. ఏడ్చినట్టు కళ్లు వాచి ఉన్నాయి.

"దానికి రాలేదని నాకు బాధగానే ఉంది వదినా. లేదంటే అబద్ధమవుతుంది. అట్లాగని ఈ పిల్లని మళ్లీ ఆ క్లాసులోనే కూర్చోబెడతారా? నేను కూడా కష్టపడ్డాను కదా దీనికోసం. రోజూ నేను డ్రాప్ చేస్తాను," అన్నారు.

అమ్మ ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేసింది. ఆంటీ మాత్రం స్వెటర్ కూడా విప్పకుండా కాఫీ అడిగారు.

ఆవిడ త్యాగమూర్తి అని నేను రాయను. ఆవిడ వింటే చిరాకు పడేవారు. ఆ పని ఆవిడకు తేలిగ్గా ఏం కాలేదు. లోపల నొప్పి ఉండగానే చేశారు. ఇన్నేళ్లూ నేను ఆవిడకు తలవంచింది అందుకే.

సెప్టెంబరులో మొదటి రోజు. ముందు సీట్లో వాళ్లమ్మాయి, వెనక కొత్త యూనిఫామ్‌లో నేను. ముందు నా స్కూలే వచ్చింది. దిగాక, "వెళ్లు, లేట్ అవుతుంది," అన్నారు ఆంటీ. పెద్ద తలుపుల దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూశాను. కారు ఇంకా అక్కడే ఉంది. వెనక వరసగా కార్లు ఆగి ఉన్నాయి. కూతురు మొహం అటు తిప్పుకుని కూర్చుంది. ఆంటీ ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఇంకో చెయ్యి ఆ పిల్ల తల మీద పెట్టి, ఎదురుగా రోడ్డు వైపే చూస్తున్నారు. ఎవరో హారన్ కొట్టారు. అయినా కారు కదల్లేదు.