షెడ్డు వాకిట్లో మైసమ్మ

మా బావ భిక్షపతిని చూసి ఎవరైనా "పాపం" అంటే నాకు ఒళ్లు మండుతుంది. పాపమేంది? చేసుకున్నదంతా తనే కదా!

ఆయన మా సత్తెమ్మక్క మొగుడు. మలక్‌పేట అవతల రాతిగుట్ట నుంచి కంకర మోసే చిన్న రైలు ఒకటి ఉండేది. పెద్ద రైలు పట్టాల్లో సగం కూడా ఉండని ఇరుకు పట్టాలు. దాని బుడ్డ ఇంజన్ను నడిపింది బావే. గుట్ట కరిగిపోయాక లైను మూతపడింది, ఇంజన్ షెడ్డులోనే తుప్పు పట్టింది. బావ మాత్రం మాదన్నపేటలోని ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా దాని ముచ్చటే తీసేవాడు. "నా బిడ్డ" అనేవాడు. పిల్లలు లేని ఇల్లు. ఆ మాట వచ్చినప్పుడల్లా అక్క లేచి వంటింట్లోకి పోయేది.

డెబ్బై ఆరులో కాలేజీ లెక్చరర్ బాబురావు సారు మమ్మల్ని పోగుచేసి ఆ షెడ్డును బాగుచేద్దామన్నాడు. జీతం లేదు, భత్యం లేదు. ఆదివారాలు వచ్చి చెమటోడ్చాలి, అంతే. స్థలం సర్కారుది. బాయిలరు ఎలాగూ చచ్చిపోయింది కాబట్టి, దసరాకు తాను వచ్చినప్పుడు ఇంజన్ను తోసి షెడ్డు బయటికి తెస్తే చాలన్నాడు పెద్దాఫీసరు. తెస్తే లైనంతా పాత గుర్తుగా ఉంచుతారు. లేదంటే వేలం. బావకు ఇక అదే లోకమైంది.

పని మొదలైన కొత్తలోనే, మట్టిలోంచి పట్టా లేపుతుంటే జారి, మాతో పనికొచ్చిన కృష్ణయ్య పాదం మీద పడింది. ఎముక విరిగింది. మరుసటి ఆదివారం షెడ్డు దగ్గరికి నరపిట్ట రాలేదు.

"మైసమ్మకు చెప్పకుండ మట్టి ముట్టినం. ఊకుంటదా?" అన్నాడు బావ.

బావి తవ్వినా, గోడ లేపినా ముందు ఆ తల్లికి చెప్పుకోవడం మాలో ఉన్నదే. బావ ఓ రాయి తెచ్చి షెడ్డు వాకిట్లో, పట్టాల పక్కన నిలబెట్టాడు. పసుపు పూసి, బొట్లు పెట్టి, కల్లు సాకగా నేల మీద పోసి కొబ్బరికాయ కొట్టాడు. బాబురావు సారు ముఖం చిట్లించాడు. ఆ కబురు విని మనుషులు మళ్లీ వచ్చేసరికి ఇంకో కాయ ఆయనే కొట్టాడు.

ఆషాఢం నాటికి నలుగురం తోస్తే ఇంజన్ షెడ్డులోనే కాస్త ముందుకూ వెనక్కూ కదిలింది. బావ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు?

ఆ నెలలోనే పేట ఆడవాళ్లు ఆ రాయికి బోనాలెత్తారు. ఒకామెకు జ్వరం తగ్గిందట, ఇంకొకామె కూతురికి సంబంధం కుదిరిందట. రామ్‌చందర్ అనేవాడు మొదట కొబ్బరికాయల బండి పెట్టాడు, తర్వాత హుండీ పెట్టాడు, ఆ తర్వాత కమిటీ పెట్టాడు. వాడి తెలివి తగలెయ్య! దసరా ముందు ఆదివారం మేం వెళ్లేసరికి రాయి చుట్టూ సిమెంటు గద్దె లేచి ఉంది. పట్టాల మీదికి కూడా కట్టేశాడు.

"ఇంజన్ ఎట్ల పోవాలె భాయ్? గద్దె జర తగ్గియ్యి," అన్నాడు బావ.

"అమ్మ గద్దె మీద గడ్డపార ఏస్తవా అన్నా? ఏస్తే ఎయ్. నాకేం ఫికర్ లేదు."

మావాళ్లెవరూ ముందుకు రాలేదు. సారు నేల చూపులు చూశాడు. బావే గడ్డపార అందుకున్నాడు, పైకెత్తాడు. ఎదురుగా కృష్ణయ్య కుంటికాలి మీద నిలబడి ఉన్నాడు. బావ ఆ కాలు చూశాడు. ఎత్తిన గడ్డపార ఎత్తినట్టే ఆగింది.

"నాకియ్యి బావా, నేను కొడత," అన్నాను.

"వద్దు. నీకు పిల్లలున్నరు," అని గడ్డపార కింద పెట్టేశాడు.

దసరాకు ఆఫీసరు వచ్చాడు. బూట్లు విప్పి, దండం పెట్టి, ప్రసాదం తిన్నాడు. గద్దె వెనక నిలబడిపోయిన ఇంజన్ను చూసి, "ఇది గుడి కదా," అని వెళ్లిపోయాడు. వేలంలో కొన్నవాడు గ్యాసు మంటతో ఇంజన్ను అక్కడే ముక్కలు కోశాడు. ఆ రోజు బావ గడప దాటలేదు. అక్క ఎప్పుడూ లేనిది ఆయన పక్కనే కూర్చుంది.

లేపిన పట్టాలను గుడి ముందు పందిరికి స్తంభాలుగా పాతారు. ఆకుపచ్చ రంగేశారు. ఈ ఏడు బోనాలకు బావతో నేనూ వెళ్లాను. వాకిట్లో రామ్‌చందర్ అడ్డమొచ్చాడు.

"అన్నా, చెప్పులు బయట ఇడువు."

"ఎవని షెడ్డురా ఇది?" అని వాడి మీదికి పోయాను. బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"లొల్లి జెయ్యకు బామ్మర్ది. పిలిచినోణ్ణి నేనే. అచ్చిన తల్లిని పొమ్మంటనా?"

చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. అమ్మవారికి దండం పెట్టలేదు. పట్టా స్తంభాన్ని పట్టుకుని, పూజ అయిపోయేదాకా నిలబడ్డాడు.